మొదటి పార

కొబ్బరికాయను పాత వలముక్కలో చుట్టి తెచ్చాడు కూర్మారావు. పీచు ఒలవని కాయ, ముచ్చిక కూడా ఊడలేదు. వల తడిసి ఉంది. వీధి అరుగు మీద నిలబడి, ఆ మూటను రెండు చేతులతో ముందుకు పట్టుకుని, లోపలికి రమ్మన్నా రాకుండా బాబుగారి కోసం ఎదురుచూస్తున్నాడు. తలగుడ్డ నుంచి వాననీళ్ళు మెడ మీదికి కారుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వాసవీకుమారి తలుపు పక్కనుంచి ఆ మూటనే చూస్తోంది. బరంపురం కాపురానికి వచ్చాక ఆమెకు ఇది మొదటి వానాకాలం. భర్త శ్యామసుందర్ అసెంబ్లీ మెంబరు కావడం వల్ల ఆ ఇంటికి రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేత్తో పట్టుకుని వస్తారు. దిగపహండి వాళ్ళు వంకాయలు తెచ్చారు. పాత్రపూర్ నుంచి ఒకాయన బెల్లం కుండ దింపి వెళ్ళాడు. వలలో చుట్టిన కొబ్బరికాయ మాత్రం ఇప్పటిదాకా రాలేదు. కాయ వంటింట్లోకి పోయినా ఆ వలముక్క తను దాచుకోవాలనుకుంది. పెరట్లో సన్నజాజి తీగ పాకడానికి కడితే ఎంత బాగుంటుంది.

శ్యామసుందర్ మేడ దిగి వచ్చాడు. అప్పుడే స్నానం చేశాడేమో, జుట్టు తడిగా నుదుటికి అంటుకుని కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. కూర్మారావును చూడగానే అతని ముఖం వికసించింది. రెండు చేతులూ చాపి మూట అందుకున్నాడు, కళ్ళకద్దుకున్నాడు, వెనక్కి తిరిగి భార్య చేతిలో పెట్టాడు.

కూర్మారావు చేతులు కాసేపు అలాగే ముందుకు ఉండిపోయాయి. తర్వాత మెల్లగా దించుకున్నాడు.

"నీరు ఎంతవరకు వచ్చింది, పెద్దా?" అని అడిగాడు శ్యామసుందర్.

"ఎక్కతంది బాబూ," అన్నాడు కూర్మారావు. ఇంకేదో అంటాడని ఇద్దరూ చూశారు. అతను బాబు ముఖంలోకి, అమ్మగారి చేతుల్లోని మూటలోకి ఒకసారి చూసి, అయితే సరే అన్నట్టు తలూపి, చెప్పులు చేత్తో పట్టుకుని వానలోకి దిగాడు.

కూర్మారావు సోనేపూరు జాలరుల కులపెద్ద. అక్కడ బాహుదా ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఏటా సముద్రం ఇసుక ఎగదోసి కట్ట వేస్తుంది. ఎండాకాలంలో దానివల్ల ఎవరికీ బాధ లేదు. ఆశ్వయుజంలో పెద్దవాన పట్టిందంటే మాత్రం ఏరు బయటికి పోయే దారి లేక వెనక్కి తన్ని పొలాల్లో నిలబడుతుంది. అప్పుడు జాలరులు వెళ్ళి ఆ ఇసుక కోస్తారు. తాతలనాటి నుంచి అదే పద్ధతి. మొదటి పార కులపెద్ద వేస్తాడు, ఆ తర్వాత ఊరంతా దిగుతుంది.

ఇదంతా వాసవికి హాల్లో గోడమీది ఫొటో వల్ల తెలిసింది. ఎన్నికల్లో గెలిచిన వారం తీసిన ఫొటో అది. మెడలో దండలు, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన పంచె, చేతిలో పార, వెనక సముద్రం; శ్యామసుందర్ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. మన భాష మాట్లాడే మనిషి, మన వైపు మనిషి కటకం అసెంబ్లీకి వెళ్ళి మన కోసం కూర్చుంటున్నాడని జాలరులు ఆ రోజు పొంగిపోయి, వాళ్ళ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే పెద్దది అతని చేతిలో పెట్టారు. ఇక మీదట మొదటి పార బాబుదే అన్నారు. పెళ్ళైన కొత్తలో అతను ఈ కథ చెప్పినప్పుడు వాసవికి కళ్ళు చెమర్చాయి. విశాఖపట్నం కాలేజీలో ఇంటర్మీడియట్ చదువుతూ సివిక్సు పుస్తకంలో ప్రాతినిధ్యం అన్న మాట ఎన్నిసార్లో బట్టీపట్టింది. దాని అర్థం ఇంత అందంగా, ఇసుక అంటుకుని ఉంటుందని ఆ పుస్తకం చెప్పలేదు.

మధ్యాహ్నం అత్తగారు భారతీదేవి కొబ్బరికాయ ఒలిపించింది. వాసవి కొబ్బరి కోరం ముందు కూర్చుంది. తెల్లటి కోరు పళ్ళెంలో గుట్టగా పడుతుంటే గాజులు దానికి తాళం వేస్తున్నట్టు మోగాయి. పాత్రపూర్ బెల్లం పాకం పెట్టి, ఉండపాకం వచ్చిందో లేదో నీళ్ళ గిన్నెలో చుక్క వేసి చూడడం అత్తగారు నేర్పింది. "తిప్పుతూనే ఉండాల. సెయ్యి ఆపినావంటే అడుగంటేస్తాది. ఇటు సూడు, ఎటో సూస్తావేటి," అని మందలించింది. వాసవి చూస్తున్నది వంటింటి గుమ్మం వైపు. శ్యామసుందర్ తల్లి చూడకుండా చెయ్యి చాపి, కాలే లౌజు ముద్ద ఎత్తుకుని, అరచేతుల్లో ఎగరేసుకుంటూ పారిపోయాడు. మెంబరుగారు వేళ్ళు ఊదుకుంటూ హాల్లో గెంతుతున్న చప్పుడు విని అత్తాకోడళ్ళు ఇద్దరూ నవ్వారు.

ఆ సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చాక డాబా మీద ఒకే గొడుగు కింద నిలబడినప్పుడు అడిగింది. మొదటి పార ఆయనదే కదా, వెళ్ళి వేసేసి రావచ్చు కదా అని.

అంత సులువైతే ఈపాటికి వెళ్ళి వచ్చేవాణ్ణి అన్నాడు శ్యామసుందర్. ఇప్పుడు కొత్త ఒరిస్సా ప్రావిన్సు. ఏటి పైభాగంలో పొలాలు కొన్ని మద్రాసు వైపు ఉండిపోయాయి, మొగ ఇటు వచ్చింది. మొగ కోస్తే రెండు వైపులా రైతులకు మేలే, కాదనేవాళ్ళు ఎవరూ లేరు. అయినా సంతకం పెట్టేవాళ్ళు లేరు. కిందటిసారి సభలో తనే లేచి, జాలర్లు చేతులతో తవ్వుకునే పని సర్కారు చెయ్యాలని అడిగాడు. మంత్రిగారు ఒప్పుకున్నారు, బల్లలు చరిచారు. అప్పటినుంచి మొగ ఇంజనీరు ఆఫీసుది. ఆర్డరు లేకుండా పార వేస్తే తను అడిగి తెచ్చిన కట్టుబాటును తనే తెంచినట్టవుతుంది. తెలుగు మెంబర్లకు ఒక కాలు ఇంకా మద్రాసులోనే ఉందనేవాళ్ళు కటకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఇంతకంటే ఏం కావాలి.

"ఆర్డరు వస్తుంది వాసూ. మొన్ననే తంతి కొట్టాను," అన్నాడు.

వాసవి తలూపింది. గొడుగు అంచు నుంచి ఒక చుక్క అతని ముక్కు మీద పడింది. దాన్ని కొంగుతో తుడవడంలో మిగతాది మరిచిపోయింది.

వాన మళ్ళీ పట్టుకుంది. ఈసారి తూర్పు గాలి కూడా తోడైంది. ఎండబెట్టడానికి చోటులేక తడిబట్టలు మేడ మెట్ల మీద, కుర్చీల మీద ఆరేశారు. వాళ్ళ దుకాణం నుంచి వచ్చిన గుమస్తా, గిడ్డంగిలో బియ్యం బస్తాలు చెమ్మ పట్టకుండా పైకెత్తించామని భారతీదేవికి చెప్పి వెళ్ళాడు. శ్యామసుందర్ పొద్దున్న తంతి ఆఫీసుకు, సాయంత్రం ఇంజనీరు ఆఫీసుకు వెళ్ళి, తడిసిన చొక్కాతో తిరిగి వస్తున్నాడు. ఫైలు నడుస్తోందన్నారు. మద్రాసు వాళ్ళకు ఒక మాట రాసి, వాళ్ళ జవాబు చూసుకుని ఇస్తామన్నారు. అతను అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి ఆలోచిస్తున్నాడు. వాసవి వడియం ఒకటి నలిపి అతని అన్నంలో చల్లింది. అప్పుడు నవ్వి తిన్నాడు.

కూర్మారావు రెండోసారి వచ్చినప్పుడు అతనితో ఒక ఆడమనిషి కూడా ఉంది. పేరు చిట్టమ్మ, ఏటి ఎగువ ఊరి రైతు. తాటాకు గొడుగు అరుగు కింద పెట్టి, కొంగులోంచి వరిమొక్కలు గుప్పెడు తీసింది. మొదళ్ళు నల్లబడ్డాయి. ఆమె ఒక మొక్క పొట్టను గోటితో చీల్చి, లోపలి కంకిని వేలిమీద పెట్టి శ్యామసుందర్‌కు చూపించింది. పాలు పోసుకోవలసిన గింజలు బూడిదరంగు నీళ్ళై ఉన్నాయి.

"ఇంకా మీద మడి ఉంది బాబూ," అందామె. "కిందిది పోనాది, పోనీండి. మీద మడిలో నీరు మోకాలు దాటనేదు. ఇయ్యాల రేపట్లో తీస్తే గింజ దక్కుతాది. నానేటి, మా ఊరంతా ఈయన కాళ్ళు పట్టుకుంటన్నాం. బాబుగోరు ఒత్తానన్నారు, ఒత్తారు అంటాడు తప్పితే కదలడు."

"వస్తాను చిట్టమ్మా. ఆర్డరు చేతికి రాగానే ముందు వచ్చేది నేనే," అన్నాడు శ్యామసుందర్.

"ఇన్నావా," అన్నాడు కూర్మారావు ఆమెతో. ఆ మాటలో ధీమా లేదు.

అతని చేతిలో మళ్ళీ వలముక్కలో చుట్టిన కాయ ఉంది. ఈసారి అరుగు మీద నిలబడలేదు. గుమ్మం దాకా వచ్చి, బాబుకు బాగా దగ్గరగా నిలబడి, మూటను అతని ఛాతీ ఎత్తున పట్టుకున్నాడు. శ్యామసుందర్ అందుకున్నాక కూడా కూర్మారావు చేతులు దాన్ని వదల్లేదు. రెండు జతల చేతుల మధ్య ఆ కాయ క్షణంసేపు నిలిచింది. ఇంత కష్టంలోనూ ఎందుకు తెచ్చావు పెద్దా అన్నాడు శ్యామసుందర్. తప్పనిసరై కూర్మారావు చేతులు తీసుకున్నాడు. కాయ ఇంట్లోకి వెళ్ళింది.

వాసవి అప్పటికే లోపలికి పరుగెత్తి, అరిటాకు చింపి, నాలుగు లౌజు ఉండలు పెట్టి మడిచి తెచ్చింది. తన చేత్తో చేసిన మొదటి పిండివంట. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు, తెచ్చినవాళ్ళు తినకపోతే ఎలా.

"మొన్న మీరు తెచ్చిన కాయతోనే చేశాను," అంది.

కూర్మారావు ఆకు విప్పి చూశాడు.

"కొట్టీసినారా," అన్నాడు చాలా నెమ్మదిగా.

"ముదురు కాయ కదా, లౌజుకి బ్రహ్మాండంగా కుదిరింది. తినండి."

అతను తినలేదు. ఆకు మళ్ళీ మడిచి తలగుడ్డ విప్పి దాని కొసన కట్టుకున్నాడు. ఇంట్లో ఆడవాళ్ళకు తీసుకువెళ్తున్నాడని వాసవి ముచ్చటపడింది. చిట్టమ్మ వరిమొక్కలను అరుగు మీదే వదిలేసి వెళ్ళింది. భారతీదేవి వాటిని చూసి, గడప దగ్గర కుళ్ళు వాసనేటని, పనిమనిషి చేత తీయించి గోడ అవతల వేయించింది.

ఆర్డరు వచ్చిన పూట వాన కూడా వెలిసింది. చేతిలో కాగితం ఊపుకుంటూ శ్యామసుందర్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఇంజనీరు, ఫొటో తీసేవాడు, అందరూ మొగ దగ్గర ఉంటారు. పార వేసేది మాత్రం మెంబరుగారేనని ఇంజనీరు ఒప్పుకున్నాడు. వాసవి తనూ వస్తానంది. సముద్రం దగ్గరి గాలి, తడి అని అత్తగారు గొణిగింది. "హౌ, సర్లే, ఎల్లిరా. శాలువా కప్పుకో," అని చివరికి ఆవిడే పెట్టెలోంచి తీసి ఇచ్చింది.

కారులో కిటికీ పక్కన కూర్చుని వాసవి చాలాదూరం నవ్వుతూనే ఉంది. కడిగినట్టున్న ఆకాశం, రోడ్డు పక్క మొగలిపొదలు, కారును చూసి బెదిరి పరుగెత్తే మేకపిల్ల, అన్నీ ఆమెకు కానుకల్లా కనిపించాయి. శ్యామసుందర్ పక్కన ఉన్నాడు. వేళ్ళు సీటు మీద శాలువా కింద కలిసి ఉన్నాయి. ఇంటి గోడమీది ఫొటోలో ఉన్న ఆ నవ్వు ఇవాళ ఎదురుగా చూడబోతోంది.

రోడ్డు వదిలి ఎడ్లబండి ఎక్కాక పొలాలు కనిపించాయి. మొదట అదంతా పెద్ద చెరువు అనుకుంది. చెరువు మధ్యలో గట్లు గీతలు గీసినట్టు ఎందుకున్నాయా అని చూసేసరికి అర్థమైంది. నీరు కదలడం లేదు. అడుగున వరి దువ్విన జుట్టులా ఒకవైపు పడుకుని ఉంది. వాసన ముక్కు కాక గొంతులో తగులుతోంది. ఒక గట్టు పక్కన మగవాళ్ళు నడుం లోతు నీళ్ళలో దిగి కుళ్ళిన గడ్డి లాగి గట్టు మీది ఎడ్ల ముందు వేస్తున్నారు. ఎడ్లు మూతి పెట్టి, తల పక్కకు తిప్పుకుంటున్నాయి. అక్కడే చిట్టమ్మ కూర్చుని ఉంది. బండిని చూసింది. లేవలేదు, చెయ్యెత్తి దణ్ణమూ పెట్టలేదు. గడ్డి చేత్తో పిండి నీళ్ళు కారుస్తూ ఉండిపోయింది.

"ఆమె చెప్పిన మీద మడి ఏది?" అని అడిగింది వాసవి బండివాణ్ణి.

బండివాడు చెర్నాకోలతో చూపించాడు. అక్కడా నీళ్ళే ఉన్నాయి.

శాలువా కింది చెయ్యి ఎప్పుడు విడిపోయిందో వాసవికి తెలియలేదు.

సోనేపూరులో ఇంజనీరు ఇంకా రాలేదు. శ్యామసుందర్‌ను కట్ట వైపు తీసుకువెళ్ళారు. వాసవిని ఎండ తగలకుండా కూర్మారావు ఇంటి పంచలో కూర్చోబెట్టారు. అతని భార్య కాసులమ్మ వలకు మాట్లు వేస్తోంది. వెదురు సూది వేళ్ళ సందుల్లోంచి పోయి వస్తోంది, కళ్ళు దాని మీద లేవు. వాసవికి చాప వేసింది, కొబ్బరినీళ్ళు ఇచ్చింది, మళ్ళీ సూది తీసుకుంది.

గూట్లో దీపం పక్కన ఒక అరిటాకు పొట్లం కనిపించింది. ఆకు ఎండి పగిలింది. చీమలు వరసగా గోడ దిగుతున్నాయి.

"మీరు తినలేదా?" అంది వాసవి.

"ఎలగ తింటామమ్మా," అంది కాసులమ్మ. కొంతసేపు వల కన్నులు సరిచూసుకుంది. తర్వాత సూది పక్కన పెట్టింది. "అమ్మా, ఒక మాటంటాను. కోపగించుకోకండి. మా ఇంటాయన సెప్పొద్దన్నాడు. ఆడది ఆడదానితో అనుకుంటే తప్పు నేదని సెప్తన్నాను."

చెప్పమంది వాసవి.

"పార ఒకరికిచ్చినాక నోటితో తిరిగి అడక్కూడదు. అడిగితే ఇచ్చినోడికి పరువు ఉండదు, పుచ్చుకున్నోడికీ ఉండదు. అందల్ల కాయ అట్టుకెల్తాం. పుచ్చుకున్నోడు రాలేకపోతే ఆ కాయ ముట్టుకుని మా సేతిలోనే పెట్టీయాల. అంటే మీరే కోసీండి అని. కాయ ఉంచీసుకున్నాడంటే నానే వొత్తాను అని. అంతేనమ్మా. రెండుమాట్లు తెచ్చినాడు. రెండుమాట్లూ బాబు ఉంచీసుకున్నారు."

వాసవి చేతిలో కొబ్బరినీళ్ళ గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"మాకు... మాకు తెలీదు," అంది.

"తెలీదని ఇప్పుడు తెలిసింది. కొట్టీసి మిఠాయి సేసినారని ఆకు విప్పి సూపించి ఏడిసినాడు. ఊరికి మాత్రం సెప్పనేదు. బాబు ఒత్తానన్నారనే సెప్పినాడు. మా మగోళ్ళు పారలు భుజానేసుకుని రెండు పూటలు కట్ట మీద కూకున్నారు. ఎవులూ దిగనేదు. అది బాబు పార గదా."

బయట పిల్లలు అరుస్తూ పరుగెత్తారు. ఇంజనీరు బండి వచ్చినట్టుంది. కాసులమ్మ వాసవి మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గరుకుగా, తేలికగా ఉంది.

"ఇయ్యాల మొగ తెగినాక ఇంకో కాయ తెత్తాడు. అది వొచ్చే ఏటికి. బాబు తిరిగిచ్చీసినారంటే మా పార మాకొచ్చీసినట్టే. ఆయనకి ఎన్ని పనులో, కటకం ఎల్లాల, దొరల్తో మాటాడాల. నీరు ఆయన కోసం ఆగదు గదమ్మా. సిన్నమాట, సెవిలో ఎయ్యండి."

వాసవి వెళ్ళి శ్యామసుందర్‌ను బండి చాటుకు పిలిచింది. తడి ఇసుకలో కాళ్ళు దిగబడుతుంటే నిలదొక్కుకుంటూ, మాటలు తడబడుతూ అంతా చెప్పింది. అతను మొదట నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. పొలాల వైపు తల తిప్పి, మళ్ళీ వెంటనే తిప్పేసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా," అన్నాడు. "రెండుసార్లు ఎదురుగా నిలబడి, ఒక్క మాట."

"చెప్పకూడదట."

"వాళ్ళు కోసేసుకుని ఉంటే నేను ఆర్డరు కోసం తిరగడం కూడా..." అని ఆపేశాడు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఆ చేతులు చూస్తే వాసవికి అతన్ని దగ్గరకు తీసుకోవాలనిపించింది.

"ఇచ్చేస్తాను వాసూ. ఇవాళే, అందరి ఎదుటా ఇచ్చేస్తాను. వాళ్ళ పార వాళ్ళకే ఉండాలి."

ఆమె గుండె తేలికైంది. తను పెళ్ళాడింది ఈ మనిషినే.

ఇంజనీరు టోపీ సర్దుకుంటూ కర్రతో ఇసుక మీద గీత గీశాడు. జాలరులు గీతకు రెండు వైపులా పారలతో నిలబడ్డారు. కూర్మారావు పాత పార తెచ్చి బాబు చేతికిచ్చాడు. దాని కర్రకామ చేతిపట్టుకు అరిగి నల్లగా నిగనిగలాడుతోంది. శ్యామసుందర్ పంచె ఎగ్గట్టాడు. మొదటి పార వేశాడు. జాలరులు ఒక్కసారిగా వంగారు. పార పడే చప్పుడు, ఇసుక విసిరే చప్పుడు, అంతే. కాలువ నడుంలోతు దిగేసరికి ఏటివైపు నుంచి సన్నటి నీరు వేలంత పాకింది. చూస్తుండగానే చెయ్యంత అయింది. గట్లు విరిగి పడ్డాయి. మనుషులు ఎగిరి పక్కకు దూకారు. పసుపురంగు నీళ్ళు అరుస్తూ సముద్రంలోకి దూకాయి, నురగ గాల్లోకి లేచి వాసవి ముఖం మీద చిలకరించింది. అన్నీ తెలిసి కూడా ఆమె చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయింది.

ఆ నీళ్ళతోపాటు నల్లటి వరిగడ్డి కూడా కొట్టుకొచ్చింది. కట్టలు కట్టలుగా వచ్చి కెరటాల్లో తిరగబడింది.

జనం జేజేలు కొట్టారు. ఇంజనీరు శ్యామసుందర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. వచ్చే ఏడు నుంచి ఈ పనికి ప్రత్యేకంగా మంజూరు ఉంటుందనీ, శ్యామసుందర్ బాబు లేకపోతే ఈ ఫైలు కదిలేదే కాదనీ, ఇకముందు కూడా ఆయన అడిగితేనే కదులుతుందనీ ఒడియాలో చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాడు. శ్యామసుందర్ తల వంచుకుని విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు కూర్మారావు వచ్చాడు. వలముక్కలో కాయ. ఒళ్ళంతా ఇసుక, మోచేతి దగ్గర రక్తం చారిక. జాలరులు పారలు నేలకు దించి అటు తిరిగారు. పంచల్లోంచి ఆడవాళ్ళు కూడా బయటికొచ్చారు. కూర్మారావు కాయను శ్యామసుందర్ చేతుల్లో పెట్టాడు. పెట్టి, తన చేతులు కిందికి దించలేదు. అరచేతులు పైకి తిప్పి, కాయకు కాస్త కిందగా అలాగే ఉంచాడు.

శ్యామసుందర్ వాసవి వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను కాయను ముందుకు వంచాడు. కాయ కూర్మారావు చేతులకు దాదాపు తగిలింది.

"అలాగే ఉండండి సార్," అన్నాడు ఫొటో తీసేవాడు నల్లగుడ్డ కిందనుంచి. "కాయ కొంచెం పైకి. ఇంకొంచెం. ఇటు చూడండి."

శ్యామసుందర్ కాయ పైకెత్తాడు. వలముక్క గాలికి రెపరెపలాడింది. వెనకనుంచి ఎవరో అతని పేరు పెట్టి జై అన్నారు, కట్ట మీదికి చేరిన రైతుల గుంపు అందుకుంది, ఇంజనీరు టోపీ తీశాడు. చేతులు తలకంటే పైకి వెళ్ళాయి. అతని నోరు తెరుచుకుంది. గోడమీది ఫొటోలోని నవ్వే అది, వాసవి చూడాలనుకున్నది. ఎంత అందంగా ఉన్నాడో.

ఫొటో అయిపోయింది. చేతులు కిందికి వచ్చాయి. కూర్మారావు ఇంకా అక్కడే, అరచేతులు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. శ్యామసుందర్ ఆ చేతుల్ని చూశాడు. చూసి, ఒక చేత్తో అతని భుజం ఆప్యాయంగా తట్టాడు, రెండో చేత్తో కాయను పక్కకు, వాసవికి అందించాడు.

"వచ్చే ఏడు ముందే వచ్చేద్దాం," అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేలా. "నీళ్ళు ఎక్కకముందే. ఆర్డరు ఇప్పటినుంచే అడుగుతాను."

కాయ ఇప్పుడు ఆమె చేతుల్లో ఉంది. నాలుగడుగుల దూరంలో కూర్మారావు ఉన్నాడు. అతని వెనక కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె వైపే చూస్తోంది. నాలుగడుగులు. వాసవి వేళ్ళు తడి వలలో చిక్కుకున్నట్టున్నాయి. ఇన్ని కళ్ళ ముందు భర్త పుచ్చుకున్నది భార్య తిరిగి ఇచ్చేస్తే అతను ఎక్కడికి చూస్తాడు, సాయంత్రం డాబా మీద ఆ గొడుగు కింద ఇద్దరూ ఎలా నిలబడతారు అని ఆలోచించింది. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా కూర్మారావు అరచేతులు మూసుకున్నాడు. ఆ చేతులతోనే దణ్ణం పెట్టాడు. కాసులమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో పొలాల్లో నీరు తీస్తోంది. గట్లు ఒక్కొక్కటీ బయటపడుతున్నాయి. గట్ల మధ్య బురదకు అంటుకుపోయిన వరి నల్లగా మెరుస్తోంది. బండివాడు ఆ వైపు చూడకుండా ఎడ్లను అదిలించాడు. వాసవి ఒళ్ళో కాయ ఉంది. బండి గతుక్కుమన్నప్పుడల్లా లోపల నీళ్ళు కదులుతున్నాయి. చీర మోకాళ్ళ దగ్గర తడిసింది.

బండి దిగి కారు ఎక్కారు. గొళంత్రా దాటాక శ్యామసుందర్ శాలువా ఆమె భుజం మీద సర్దాడు. ఆమె ఒళ్ళోని మూటను ఒక వేలితో తట్టాడు.

"ఇంట్లో ఆ పాత్రపూర్ బెల్లం ఇంకా ఉందా?" అన్నాడు.

వాసవి కిటికీలోంచి చూస్తోంది. మొగలిపొదల మీద ఎండ పడుతోంది.

"ఉందండీ," అంది.